పొంగు

నా భార్య నాంచారమ్మను చంపింది ఆమె తమ్ముడు మురహరి. ఇందులో వాదించడానికేమీ లేదు. వాడు కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. చిన్న సీసాలో లేపనం తెచ్చి, "అక్కా, రోజూ చేతులకు రాసుకో" అన్నాడు. అంతే. అక్క మీద ప్రేమతో తెచ్చాడని చుట్టాలంటారు. ప్రేమతో తెచ్చినంత మాత్రాన సీసాలో ఉన్నది మారదు.

ఇది ఒక్కసారి రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఊరు చెప్పను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తాను. ఇందులో నాకు ఇప్పటికీ అర్థం కానివి చాలా ఉన్నాయి. అర్థమైనట్టు నటించను.

మాది చలువ షెడ్డు. మగ్గాల మీది నుంచి దిగిన కోరా బట్ట గోధుమ రంగులో, గంజి వాసనతో, పత్తిగింజల నలుసులతో ఉంటుంది. దాన్ని తెల్లగా చేసి పంపడం మా పని. మా తాత చవుడులో ఉడకబెట్టి కాలువ గట్టున ఆరేసేవాడు. మా నాన్న బ్లీచింగ్ పౌడరు వాడి జీవితాంతం దగ్గాడు. నా కాలానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చింది. చూడటానికి నీళ్లే. నీలం క్యాన్లలో వస్తుంది. షెడ్డులో అందరం మందు అంటాం. తొట్టిలో నీళ్లు నింపి, కాస్త సోడా వేసి, మందు కలిపి, బట్ట ముంచి గోనెలు కప్పుతాం. మేం మరగబెట్టం. మర్నాడు తీస్తే బట్ట మల్లెపూవులా ఉంటుంది. పనైపోయాక మందు వట్టి నీళ్లూ గాలీ అయిపోతుంది. వాసన ఉండదు, మడ్డి ఉండదు. పని చేసి పేరు చెప్పుకోకుండా వెళ్లిపోయే మనిషిలాంటిది.

గాయాలకూ మాకు అదే. మేకు గీసుకున్నా, రేకు కోసుకున్నా పలచన చేసిన మందు పోస్తాం. నెత్తురు తగలగానే తెల్లగా నురగ కట్టి బుసబుసా పొంగుతుంది. పొంగినంతసేపూ మురికి పోతున్నట్టు. పొంగు ఆగితే గాయం బాగైనట్టు. "పొంగితే మంచిదే" అని మా షెడ్డులో మాట. మా అమ్మాయి హైమ చిన్నప్పుడు మోకాలు చెక్కుకుని ఏడుస్తూ వస్తే, నాంచారమ్మ మందు పోసి ఆ నురగ చూపించి నవ్వించేది.

మా షెడ్డుకు పేరు తెచ్చింది మధుపర్కాలు. పెళ్లిపీటల మీద వధూవరులు కట్టుకునే తెల్లబట్టలు. పెళ్లికూతురి తల్లి కోరా బట్ట తెచ్చి, మొదటి ముంపు నాంచారమ్మ చేత వేయించేది. ఆమె చేత్తో ముంచిన మధుపర్కాలు కట్టుకున్న జంట చల్లగా ఉంటుందని చుట్టుపక్కల ఊళ్లలో నమ్మకం. అది ఎలా మొదలైందో నాకు తెలియదు. పెళ్లి రోజుల్లో ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చుని ఉండేవారు. నాంచారమ్మ జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, వంగి, బట్టను రెండు చేతులా నీళ్లలోకి అదిమేది. పసిబిడ్డకు నీళ్లు పోస్తున్నట్టుండేది.

తరవాత ఆమెకు బొల్లి వచ్చింది. ముందు ఉంగరం వేలి కణుపు మీద. తరవాత రెండు చేతులూ మణికట్టు దాకా. తరవాత పెదవి అంచు.

"మందు తొట్టిలో నానీ నానీ చేతులే చలువయ్యాయి" అన్నారు జనం.

పెళ్లికూతుళ్ల తల్లులు బట్ట నా చేతికిచ్చి, "మీరే ముంచండి బాబుగారూ" అనడం మొదలుపెట్టారు. ఒకావిడ మొహం మీదే అంది: "శుభమా అని పెళ్లి కదా నాంచారమ్మా, ఏమీ అనుకోకు."

నాంచారమ్మ ఏమీ అనుకోనట్టే నవ్వింది. "నా చేతులే మధుపర్కాలు కట్టుకుని కూచున్నాయిలే. ఇంక బట్ట పని వాటికెందుకు" అంది.

ఆ తరవాత బేరానికి ఎవరొచ్చినా ఆమె షెడ్డులోకి రాలేదు. వంటింట్లో నుంచి వినేది.

మురహరి ఆమె పెంచిన తమ్ముడు. వాళ్లమ్మ పోయేనాటికి వాడు పాలు తాగే పిల్లాడు. నాంచారమ్మ కాపురానికి వస్తూ చంకనేసుకొచ్చింది. నేను వద్దనలేదు. వాడు చదివాడు, పెద్ద చదువులు చదివాడు, ఏదో ప్రయోగశాలలో చేరాడు. నేను ఊళ్లో బడి దాకా చదివినవాణ్ణి. వాడు చేసే పని ఏమిటని ఎవరన్నా అడిగితే సూక్ష్మజీవులని చెప్పేవాణ్ణి. అంతకుమించి నాకు తెలియదు.

ఒక ఆదివారం వాడొచ్చాడు. నాంచారమ్మ మాంసం కడుగుతోంది. వాడు గిన్నెలోంచి మేక కార్జం ముక్క తీసి, గాజుగ్లాసులో మందు పోసి, అందులో వేశాడు. నురగ గ్లాసు దాటి గట్టంతా పారింది.

"ఒరే, కూరలోదిరా అది" అంది నాంచారమ్మ.

"బావా, పొంగింది చూశావా? కార్జంలో ఒక సరుకుంది. మందు కనపడితే చాలు, విరిచి నీళ్లూ గాలీ చేసేస్తుంది."

"అయితే ఆ సరుకు మా షెడ్డు దరిదాపులకు రానీకు" అన్నాను.

"విను బావా. మందు నీ క్యాన్లలోనే ఉందనుకోకు. మనందరి ఒంట్లోనూ పుడుతుంది. పుట్టింది పుట్టినట్టు ఈ సరుకు విరిచేస్తూ ఉంటుంది. ఎక్కడ విరగదో అక్కడ నిలవుంటుంది. నిలవుంటే ఏం చేస్తుంది? నీ తొట్టిలో చేసేదే చేస్తుంది. జుట్టు కుదుళ్లలో నిలవుంటే నీ తల." నా నెరిసిన తల వైపు చూపించాడు. "చర్మంలో నిలవుంటే అక్క చేతులు."

నేను తొట్టి వైపు చూశాను, నాంచారమ్మ చేతుల వైపు చూశాను. నాకు అర్థమైంది. వాడి మాట నాకు అర్థమవడమే నాకు జరిగిన మొదటి మోసం.

వాడు చేసింది ఇది. మనుషులందరి చర్మం మీదా హాని చేయకుండా బతికే ఒక సూక్ష్మజీవి ఉందట. కార్జంలోని సరుకు తయారుచేయడం దానికి నేర్పాడు. ఎండకూ వేడికీ సోడాకూ ఆ సరుకు చెడిపోకుండా గట్టిపరిచాడు. లేపనంలో కలిపాడు. చేతికి రాసుకుంటే అది చర్మం మీదే కాపురం పెట్టి, నిలవున్న మందును విరుస్తూ ఉంటుంది. రంగు తిరిగి వస్తుంది.

"లోపలికి పోదా?" అన్నాను.

"పోదు బావా. పైపైనే."

"ఎవరికన్నా రాశావా?"

"ఎలుకలకు రాశాం. మనుషులకు అనుమతి రావాలి. వస్తుంది."

"రాకముందే తెచ్చావా?"

నాంచారమ్మ సీసా వాడి చేతిలోంచి లాక్కుంది. "నా తమ్ముడు నాకు తేక ఊరికి తెస్తాడా. నువ్వు నోరు మూసుకోవయ్యా."

రంగు వచ్చింది. ముందు ఒక్కో వెంట్రుక మొదట్లో ఆవగింజంత నలుపు. మచ్చల నిండా ఆవాలు చల్లినట్టుండేది. అవి పెరిగి ఒకదాన్నొకటి కలుపుకున్నాయి. వర్షాలు వెళ్లేసరికి చేతులు పూర్తిగా ఆమెవే అయ్యాయి. పెదవికి రాయకుండానే పెదవి కూడా మారింది. ఎందుకు మారిందని ఎవరూ అడగలేదు. బాగైనదాన్ని ఎవరడుగుతారు.

పెళ్లికూతుళ్ల తల్లులు మళ్లీ వచ్చారు. మొదటావిడ నాంచారమ్మ చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఆ రోజు నాంచారమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని తొట్టి దగ్గరికొచ్చింది. మా షెడ్డులో పనిచేసే సువార్తమ్మ గోనె తొలగించి, "వదినగారు పెళ్లికూతురల్లే వచ్చారు, కోరాబట్టే సిగ్గుపడాలి" అంది. నాంచారమ్మ వంగి బట్టను రెండు చేతులా అదిమింది. తొట్టిలో కాస్త నురగ వచ్చింది. గంజి ఎక్కువుందేమో అనుకున్నాం.

మర్నాడు బట్ట తీశాం. చుట్టూ తెలుపు తిరిగి, మధ్యన రెండు అరచేతులు, పది వేళ్లు. గోధుమ రంగులో, గీతలతో సహా. ఎవరో కోరా బట్టలోంచి బయటికి రావాలని తోస్తున్నట్టు.

మళ్లీ తొట్టి కట్టాం. నాంచారమ్మే బట్ట ముంచింది. ఈసారి తొట్టి మొత్తం పొంగింది. సువార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యగారూ, తొట్టి పాలు కాగినట్టు కాగుతోంది. కింద పొయ్యి కూడా లేదు."

ఇంతలో మందంతా చచ్చి వట్టి నీళ్లయింది. బట్ట కోరాగానే ఉంది. క్యాన్లు పంపినవాడితో తగువుపడ్డాను. నీళ్లు చెడ్డవేమోనని కాలువ నీళ్లు మాని బోరు నీళ్లు పట్టాను. తొట్టి గీకించి సున్నం కొట్టించాను. నేను ముంచితే తెల్లగా వస్తోంది. సువార్తమ్మ ముంచితే వస్తోంది. నాంచారమ్మ ముంచితే పోతోంది. పెళ్లివారావిడ చేతి గుర్తుల బట్ట చూసి, ఒక్క మాట అనకుండా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఏదన్నా అని ఉంటే బాగుండేది.

నాంచారమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "చేతులు చెడ్డప్పుడు బట్ట తెల్లగా వచ్చింది. చేతులొచ్చాక బట్ట పోయింది. ఏంటయ్యా ఇది?"

 

మురహరికి ఫోను చేశాను. వాడు సంబరపడ్డాడు. "అంటే అక్క చెమటలో కూడా సరుకుంది బావా. నేననుకున్నదానికంటే బాగా పనిచేస్తోంది. అక్కను గ్లౌజులేసుకోమను."

"గ్లౌజులేసుకుని మధుపర్కాలు ముంచుతారట్రా?"

"అదొక్కటే కదా బావా ఇబ్బంది."

అదొక్కటే అనుకున్నాడు. రాయకుండానే పెదవి మారిందని చెప్పినా, చెమటలోకి ఎలా వచ్చిందని వాడికి వాడే అడగలేదు. వాడి చదువు అడగవలసిన చోట సంబరపడింది. దీన్ని నేను క్షమించను.

బట్ట లాగే ఇనప కొక్కెం జారి నాంచారమ్మ పాదం మీద పడింది. మడమ పక్కన లోతుగానే దిగింది. సువార్తమ్మ మందు తెచ్చి పోసింది. అలాంటి పొంగు నేనెప్పుడూ చూడలేదు. పాదం కనపడలేదు. నురగ చీలమండ దాకా ఎక్కింది. మళ్లీ పోసింది, మళ్లీ పొంగింది. చెంబు ఖాళీ అయినా పొంగు ఆగలేదు.

"ఎంత మురికి పోతోందో చూడండి వదినగారికి" అంది సువార్తమ్మ. "పొంగితే మంచిదే."

అందరం అదే అనుకున్నాం. మాకు తెలిసిన ప్రకారం అంత పొంగితే అంత మంచి.

వాపు రాలేదు. ఎరుపు రాలేదు. చీము పట్టలేదు. నొప్పి లేదు. నాంచారమ్మ మామూలుగా నడిచింది, ఉట్టి మీద గిన్నె అందుకుంది. గాయం మాత్రం మూసుకోలేదు. తెరిచిన నోరులా అలాగే ఉంది. చీము పడితే డాక్టరు దగ్గరికి వెళతాం. చీము పట్టని గాయాన్ని ఎవరికి చూపించాలి, ఏమని చెప్పాలి? మంచిదో చెడ్డదో తెలియక రోజూ చూసేవాళ్లం.

మురహరి ఏదో పండక్కి వచ్చి పాదం చూశాడు. "వాపే లేదు బావా. ఇలాంటి గాయానికి వాపు లేకపోవడం ఎంత గొప్పో నీకు తెలియదు. దీని ఫొటోలు తీసుకెళ్లాలి."

"నొప్పి లేదురా" అంది నాంచారమ్మ. "ఒక్కోసారి చూసుకుంటే ఈ కాలు నాది కాదేమో, ఎవరిదో నాకు తగిలించారేమో అనిపిస్తుంది."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత ఆ కాలు మీద బూడిద రంగు గీత ఒకటి పిక్క వైపు పాకింది. నాంచారమ్మ పగలు కూడా నిద్రపోవడం మొదలుపెట్టింది. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉండేది. జ్వరం వస్తే భయపడేవాళ్లం. చల్లగా ఉంటే ఎండల్లో మంచిదే అనుకున్నాం. వాసన వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ కట్టు విప్పి, పాదం చూసి, నుదురు మీద చెయ్యేసి, మళ్లీ పాదం చూసింది. "జ్వరమేదండీ?" అని అడిగింది నన్ను, నేను దాచుకున్నట్టు. "ఇంత కుళ్లితే ఒళ్లు కాలిపోవాలి. కాలు ఇంత లావు కావాలి. ఈవిడ ఒంటికి గాయమైనట్టే తెలియదు. ఏం వాడారు?"

కబురందుకుని వచ్చిన మురహరి వైపు చూశాను. వాడి మొహంలో నెత్తురు లేదు. వరండాలోకి తీసుకెళ్లి గోడకు ఆనుకుని చెప్పాడు.

"ఒంట్లో మందు నిలవుంటే చెరుపే బావా. కానీ గాయమైన చోట ఒళ్లు కావాలనే మందు పుట్టిస్తుంది. అది కేక లాంటిది. ఆ కేక విని నెత్తురులో కాపలా తిరిగేవాళ్లు పరుగెత్తుకొస్తారు. అప్పుడు వాస్తుంది, ఎర్రబడుతుంది, చీము పడుతుంది. అక్క ఒంట్లో కేక పుట్టింది పుట్టినట్టు విరిగిపోయింది. ఎవరికీ వినపడలేదు. ఎవరూ రాలేదు."

"పైపైనే ఉంటుందన్నావు."

"అనుకున్నాను బావా."

అనుకున్నానన్నాడు. వాడి చదువంతా కలిపి నాకు మిగిల్చిన మాట అది.

కాలు తీసేయాలన్నారు. తీసేలోపే పోయింది. హైమ అత్తగారింటి నుంచి వచ్చి తల్లి తల దగ్గర ఉంది. కడుపుతో ఉందని అప్పుడే తెలిసింది. నాంచారమ్మకు చెప్పింది. విన్నదో లేదో మాకు తెలియలేదు.

ముత్తైదువగా పోయిందని ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి పసుపు రాశారు. చేతులు పట్టుకుని, "ఎంత చక్కగా వచ్చాయి తల్లీ చేతులు, అనుభవించే రాత లేకపాయె" అన్నారు. ఆ చేతులను తొట్టి దగ్గరికి రావద్దన్నది వీళ్లే.

కర్మకాండకు గుండు చేయించుకున్నాను. అప్పటికి నా తల ముగ్గుబుట్ట. జుట్టు మళ్లీ మొలిచినప్పుడు నల్లగా మొలిచింది.

ముందు సువార్తమ్మ చూసింది. "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. రంగు కాదు కదా?"

"గుండుకు రంగేసుకుంటానా?"

"అదే నేనూ అనుకుంటున్నా. అయినా అడిగాను."

గడ్డమూ నల్లగానే వచ్చింది. టీకొట్టు దగ్గర ఒకడన్నాడు: "చలువ షెడ్డుకు తాళమేసి రంగుల షెడ్డు తెరిచాడ్రా." ఆరు నెలలైనా తిరగకుండానే నాకు సంబంధాలు వచ్చాయి. ఒక పెద్దమనిషి నా చావడిలో కూర్చుని, "విధవరాలే, పిల్లల్లేరు, మీ వయసు మనిషికి ఇప్పుడు కనిపిస్తున్న వయసును బట్టి చూస్తే..." అంటూ మొదలుపెట్టాడు. చెప్పు చూపించాను. అతను దాన్ని కూడా సిగ్గు కింద జమకట్టి వెళ్లాడు.

నేను ముంచిన తొట్టి పొంగినప్పుడు అది నాకూ అంటిందని తెలిసింది. అరచేయి గుర్తు చూశాను. నాదే. సువార్తమ్మను దూరంగా జరగమని, షెడ్డు మూసి, మురహరిని పిలిచాను.

వాడు మొహానికి గుడ్డ కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు నేను. నా చెమట అద్దిన దూది గేటు సందులోంచి అందుకుని, సీసాలో వేశాడు. నురగొచ్చింది. షెడ్డులో పనిచేసేవాళ్లందరి చెమటా చూశాడు. ఎవరిదీ పొంగలేదు. వాడికీ లేదు. ప్రయోగశాలలో దీన్ని ముట్టుకునేటప్పుడు వాడు గ్లౌజులు వేసుకునేవాడట.

"ఊరికే తగిలితే అంటదు బావా" అన్నాడు. "ఒకే దుప్పటి, ఒకే తువాలు, ఒకే ఇల్లు. నెలల తరబడి ఉండాలి. దీన్ని చంపే మందు వెతుకుతున్నాను. దొరికేదాకా ఒంటికి గీత పడకుండా చూసుకో."

"హైమకు పురుడు పోయాలి" అన్నాను.

వాడు ముందు అర్థం చేసుకోలేదు. తొలి పురుడు పుట్టింట్లోనే కదా. ఏడో నెలలో తీసుకొస్తే బిడ్డ పుట్టి నిలదొక్కుకునేదాకా ఇక్కడే. ఒకే ఇల్లు. నెలల తరబడి.

"పురుడంటే గాయమే కదరా" అన్నాను.

వాడు గేటు బయట మట్టిలో కూర్చుండిపోయాడు. "నేను హైమకు అంతా చెబుతాను బావా. అక్క సంగతీ చెబుతాను. నాకు పడాల్సింది పడనీ" అన్నాడు.

"చెప్పవు."

"ఎందుకు?"

"చెబితే, నాన్నా నువ్వు బతుకుతావా అని అడుగుతుంది. అడిగి ఊరుకోదు, వస్తుంది. వాళ్లమ్మ కూతురు. రావద్దంటే ముందు వచ్చేది." వాడు ఏదో అనబోయాడు. "ఇంకోటి. తల్లి లేదు. నేనింక లేనట్టే. పుట్టింటి వైపు నుంచి ఒక చీరైనా పెట్టడానికి మేనమామ ఒక్కడే మిగిలాడు. ఆ మేనమామే తల్లిని చంపాడని చెప్పి దానికి ఏం మిగులుస్తావు?"

వాడు ఏడ్చాడు. చూస్తూ నిలబడ్డాను. నాకేమీ అనిపించలేదు. అనిపించలేదనే రాస్తున్నాను.

హైమకు ఫోను చేసి, పురుడు అక్కడే పోసుకోమన్నాను.

"ఎందుకు నాన్నా?"

"ఇక్కడ చూసేవాళ్లు లేరు."

"సువార్తత్త చూస్తానంది. నేను మాట్లాడాను."

"వద్దన్నానా."

 "మా అత్తగారు ఏమంటుందో తెలుసా నీకు" అంది. తెలుసు. ఏ అత్తగారైనా అదే అంటుంది. ఫోను పెట్టేశాను.

అది ఊరుకోలేదు. బస్సెక్కి, నిండు కడుపుతో, మిట్టమధ్యాహ్నపు ఎండలో నడిచి వచ్చింది. షెడ్డు గేటు తాళం వేసి ఉంది. నేను లోపల ఉన్నాను. గేటుకూ నాకూ మధ్య తొట్టెంత దూరం ఉంచి నిలబడ్డాను.

హైమ నా తల చూసింది. గడ్డం చూసింది.

"అయితే నిజమే" అంది.



"బస్సులో మన ఊరావిడ చెప్పింది. నేను తిట్టాను. మా నాన్న అలాంటివాడు కాదని తిట్టాను." కడుపు కింద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంది. "ఎవరు నాన్నా ఆవిడ?"

"ఎవరూ లేరు."

"లేకపోతే ఈ నలుపు ఎవరి కోసం? అమ్మ ఉన్నన్నాళ్లూ నూనె రాసుకోమంటే రాసుకోలేదు. లోపల ఉందా?"

"ఇంటికి వెళ్లు హైమా."

"ఇది నా ఇల్లు కాదా?"

 దాని మొహమంతా చెమట. చేతిగుడ్డతో తుడుచుకుంది. పెదవులు ఎండిపోయాయి.

"గుక్కెడు నీళ్లివ్వు. తాగి పోతాను."

ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ నావే. కుండా నాదే.

"బస్టాండులో తాగు" అన్నాను.

అది నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. గేటు బయట, బట్టల బండ్లవాళ్లు కూర్చునే సిమెంటు బల్ల ఉంది. దాని మీద కూర్చుని ఏడ్చింది. వాళ్లమ్మలాగే చప్పుడు లేకుండా. తరవాత లేచి, నడుం పట్టుకుని, వెనక్కి చూడకుండా పోయింది. మలుపులో సువార్తమ్మ ఎదురెళ్లి చేయి పట్టుకుంది. అక్కడికి నా చూపు ఆనలేదు.

బల్ల మీద చేతిగుడ్డ మరిచిపోయింది. పూలగుడ్డ. మొహం తుడుచుకున్నది, కళ్లు తుడుచుకున్నది.

ఆసుపత్రిలో తల్లి తల దగ్గర ఉంది. తల్లి నుదుటికి ముద్దులు పెట్టింది. తల్లి తువాలు వాడింది. ఇవన్నీ నాకు గుర్తే. ఊరికే తగిలితే అంటదని మురహరి అన్నాడు. మురహరి అనుకునేవాడు. వాడి మాట మీద నా కూతుర్ని వదలను.

మిగిలిన క్యానులో అడుగున మందుంది. స్టీలు బేసిన్లో పోశాను. పట్టకారుతో గుడ్డ పట్టుకొచ్చాను. బేసిన్ అంచు దగ్గర జారింది. పట్టుకోబోతే ఒక మూల నా వేలు తగిలింది. గుడ్డ మందులో పడి, మునిగి, అడుక్కి దిగింది.

చూస్తూ కూర్చున్నాను.

నేను వేలు తగిలించిన మూల సన్నగా నురగ కట్టింది. బుడగలు పైకి వచ్చి పగిలాయి. మిగతా గుడ్డ కదల్లేదు. హైమ కన్నీళ్లు, చెమట, బస్సు దుమ్ము అన్నీ ఆ గుడ్డలోనే ఉన్నాయి. ఒక్క బుడగ లేదు. పుట్టిన దగ్గర్నుంచీ పొంగితే మంచిదే అని వింటూ పెరిగాను. పొంగని మందు ముందు కూర్చుని, పొంగకు పొంగకు అని దాన్ని బతిమాలుతున్నాను. ఎండ వాలింది. పొంగలేదు. గుడ్డ మీద పూలు మెల్లగా వెలిసి, తెల్లబడ్డాయి. మూలన మాత్రం ఒక వేలిముద్రంత రంగు మిగిలింది.

హైమకు ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. మురహరి ఫోను చేసి చెప్పాడు. వాడి ఫోను నేనెత్తను. ఆ రోజు ఎత్తాను.

"కుట్లు?" అన్నాను.

"రెండు రోజులు ఇబ్బంది పెట్టాయి బావా. ఇప్పుడు తగ్గుతున్నాయి."

"ఎర్రబడ్డాయా?"

"బాగా ఎర్రబడ్డాయి."

"వాచాయా?"

"వాచాయి. నొప్పని ఏడ్చింది." వాడే మళ్లీ అన్నాడు, "జ్వరం కూడా వచ్చింది బావా."

ఫోను పెట్టేశాను. వాడి నోటి నుంచి నేను విన్న మంచి మాటలు ఇవే. ఇవి విన్నానని వాణ్ణి క్షమించినట్టు కాదు. వాడు దీన్ని చంపే మందు ఇంకా వెతుకుతూనే ఉన్నాడట. వెతకనీ.

షెడ్డు తీయలేదు. కత్తిపీట ముట్టను, గడ్డం గీయను. సువార్తమ్మ గేటు బయట సరుకులు పెట్టి, "అన్నయ్యగారూ, గడ్డం నడుం దాకా వచ్చింది, పెళ్లికి ముందు తీయిస్తారా తరవాతా?" అని వెళుతుంది. ఆమెకూ చెప్పలేదు. మనవరాలికి నాంచారమ్మ పేరు పెట్టారని ఆమే చెప్పింది. హైమ నాతో మాట్లాడదు. తండ్రి ఎవత్తెనో ఇంట్లో పెట్టుకుని కన్నకూతురికి గుక్కెడు నీళ్లివ్వలేదని వాళ్ల ఊరంతా చెప్పిందట. చెప్పుకోనీ. ఆ కోపం ఉన్నన్నాళ్లూ ఈ గేటు దాకా రాదు.

రాయవలసింది రాశాను. మళ్లీ రాయను. మురహరి అడిగినా, హైమే వచ్చి అడిగినా, రేపు ఆ పిల్ల పెద్దదై తాతా నీ జుట్టు ఎందుకు నల్లగా ఉందని అడిగినా, దీని గురించి నా నోట ఒక్క మాట రాదు.